చప్పుడేమీ లేదు మేడం

ఇదిగో, ఆ ఫోను బోర్లా పెట్టి ఇలా నా పక్కకి జరుగు. ఇంకాస్త జరుగు. గొంతు పెంచే ఓపిక నాకు లేదు, పైగా ఇది గొంతు పెంచి చెప్పే కథ కూడా కాదు. చిన్న చప్పుడు గురించిన కథ, చిన్నగానే చెప్పాలి. మన టీచరమ్మ ఉంది చూడు, నీకు వరసకి పిన్ని, పసిపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది, పిల్లల మధ్య నిలబడితే ఏది టీచరో ఏది పిల్లో పోల్చుకోలేమని అందరూ నవ్వుతారే, ఆవిడ. ఆవిడ కారు సర్వీసుకిచ్చి కూర్చున్న గంట సంగతి ఇది. గంటే గంట. ఆ కాస్త సేపట్లో ఆవిడ మనసు తిరగని చోటు లేదు.

గాజు గోడల గది అది. గోడకి అవతల కార్లు, ఇవతల కార్ల కోసం కూర్చున్న మనుషులు. చల్లగాలి నేరుగా మెడ మీదికే కొడుతోంది. సోఫా ఎంత లోతుదంటే వెనక్కి ఆనుకుంటే ఆవిడ పాదాలు నేలకి అందవు, ముందుకి జరిగితే నడుముకి ఆధారం లేదు. ఎదురుగా టీవీలో మాటా పలుకూ లేకుండా ఒకే కారు ఒకే కొండ ఎక్కుతోంది. పైదాకా వెళ్తుంది, దిగదు, మళ్ళీ కింది నుంచి మొదలుపెడుతుంది. ఏం, దీనికి దిగే దారి లేదా అనుకుంది టీచరమ్మ. అనుకున్న వెంటనే, ఇలాంటివి అనుకోవడం కూడా ఆ లక్షణాల్లో ఒకటేమో అని ఉలిక్కిపడింది. ఈమధ్య ఇదొకటి పట్టుకుంది ఆవిడని. ఏది అనుకున్నా దాని తోక పట్టుకుని ఒక అనుమానం వస్తుంది. కళ్ళజోడు వెతుక్కుంటే అనుమానం. పాలు పొంగితే అనుమానం. బడిలో ఒక పిల్లని ఇంకో పిల్ల పేరుతో పిలిస్తే, ఆ పిల్ల పకపకా నవ్వేస్తుంది గానీ ఈవిడ గుండె మాత్రం నీళ్ళలో పడ్డ రాయిలా కిందికి కిందికి దిగిపోతుంది. ఇదివరకు పిలవలేదా ఏం, ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పిలుస్తూనే ఉంది, పసిపిల్లల బడిలో ఏ టీచరు పిలవదు గనక. కానీ అప్పుడు అది పరాకు. ఇప్పుడు అది ఇంకేదో.

అంతా ఆ చప్పుడుతో మొదలైంది. కారులో, తను ఒక్కతే బడికి వెళ్తున్నప్పుడు, రోడ్డు కాస్త గతుకుగా ఉన్నచోట, కుడివైపుకి తిరిగేటప్పుడు మరీనూ, టిక్కు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టిక్కు, టిక్కు. రేకు డబ్బాలో చొక్కా బొత్తాం దొర్లినట్టు. పెద్ద చప్పుడు కాదు, పాట పెట్టుకుంటే వినపడదు, అద్దం దించితే వినపడదు. కానీ ఒకసారి విన్న చెవికి అది ఇక వదలదు కదా. ఆవిడ వాళ్ళాయనకి చెప్పింది. ఆయన మంచివాడే, చెప్పగానే బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు, పెదవి విరిచాడు. "ఏం లేదు. నీ గాజులేమో చూసుకో" అన్నాడు. గాజులు తీసేసి నడిపింది. టిక్కు. తాళంచెవుల గుత్తి విప్పేసి ఒక్క చెవితో నడిపింది. టిక్కు. వెనక డిక్కీలో ఉన్న గొడుగు, నీళ్ళ సీసా, పిల్లల బొమ్మల అట్టలు అన్నీ ఇంట్లో పెట్టి నడిపింది. టిక్కు. "నువ్వు పక్కన కూర్చో, నేను నడుపుతాను" అంటాడాయన ప్రతిసారీ. ఇద్దరూ కలిసి వెళ్తే నడిపేది ఆయనే, అది పెళ్ళయిన నాటి నుంచీ ఎవరూ రాయని శాసనం. ఆయన నడిపితే బండి గప్‌చుప్. ఒక్కసారి మాత్రం బతిమాలి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తను నడిపింది. పక్కన కూర్చున్న మగవాడు ఊరికే ఉంటాడా. "బ్రేకు, బ్రేకు, అదిగో సైకిలు, గేరు మార్చు, ఎందుకంత లాగుతావు" అని దారంతా ఒకటే సణుగుడు. ఆ నోటి ముందు ఆ చప్పుడెంత, ఉరుమొచ్చినా వినపడదు. పైగా ఆ వారమే కొత్త రోడ్డు వేశారు, అద్దంలా ఉంది. ఇంటికొచ్చాక ఆయన ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యే ఆవిడని భయపెట్టింది.

తర్వాత అక్క. అక్కకి ఫోనులో చెప్పింది ఊరికే, కష్టసుఖాల మధ్య ఒక మాటగా. అవతల అక్క నెమ్మదిగా, "అమ్మకీ ఇలాగే మొదలైంది కదే" అంది.

ఆ మాట లోపలికి వెళ్ళి కూర్చుంది. తేలు కుట్టినవాడు కేక వేస్తాడు, తేలుని చూసినవాడికి కేక కూడా రాదు. గాజు గదిలో కూర్చుని, చల్లటి చేతులు ఒళ్ళో ముడుచుకుని, టీచరమ్మ ఇప్పుడు మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చింది. అమ్మకీ ఇలాగే. అమ్మకి గోడలో నీళ్ళు కారుతున్న చప్పుడు. మంచం పక్క గోడలో, లోపల ఎక్కడో, చుక్కచుక్కగా. మొదట్లో అమ్మ నవ్వుతూ చెప్పేది, "రాత్రంతా నాతో కబుర్లు చెబుతోందే ఈ గోడ" అని. పైపులు చేసేవాణ్ణి పిలిపించారు. అతను గోడకి చెవి పెట్టాడు, తట్టాడు, పైన తొట్టి చూశాడు, కింద కుళాయిలు చూశాడు, ఏమీ లేదమ్మా అన్నాడు. ఆ తర్వాత అక్క విన్నది, తను విన్నది, ఇరుగుపొరుగు విన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. అమ్మ నవ్వడం మానేసింది. చెప్పడం మానేసింది. కొన్నాళ్ళకి స్టవ్వు ఆపడం మరిచిపోయింది, ఇంకొన్నాళ్ళకి పెద్దకూతుర్ని చిన్నకూతురనుకుంది, చిన్నకూతుర్ని చూసి, "ఎవరమ్మాయివమ్మా, మీ అమ్మ వెతుకుతూ ఉంటుంది, ఇంటికి పో" అని ఎంతో ప్రేమగా చెప్పింది. ఆ ప్రేమ ఉందే, అది తిట్టుకన్నా ఎక్కువ కోసింది. అందుకని వాళ్ళింట్లో లెక్క అలా కుదిరిపోయింది: మొదట చప్పుడు, తర్వాత మిగతావన్నీ.

ఇవాళ బయల్దేరేటప్పుడు ఆయన గుమ్మం దగ్గర నిలబడి చాలా మెత్తగా మాట్లాడాడు. "చూడు, ఈసారి కూడా వాళ్ళు ఏమీ లేదంటే మాత్రం నా మాట వినాలి. డాక్టరుగారి దగ్గర టైము తీసుకున్నాను. క్లినిక్కు ఆ సర్వీసు సెంటరు రోడ్డులోనే. అక్కా నేనూ టాక్సీలో అక్కడికే వస్తాం. అక్కడి నుంచి అందరం కలిసి వెళ్దాం." డాక్టరంటే ఏ డాక్టరని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. "మరి బండి?" అంది. "బండి సంగతి తర్వాత చూద్దాం. కొన్నాళ్ళు తాళాలు నా దగ్గరుంటాయి. పిల్లల బడి దగ్గర నడిపే బండి, ఏదైనా జరిగితే?" అన్నాడు. తప్పు మాట కాదు. అదే బాధ. తప్పు మాట అయితే దెబ్బలాడొచ్చు. ఎవరైనా తమ బండిలో ఏ లోపమూ లేదని తేలాలని మొక్కుకుంటారు. ఈవిడ మాత్రం దేవుడా, నా బండి పాడై ఉండాలి, ఏదో ఒకటి విరిగి ఉండాలి, పెద్దదే అయినా సరే అని మొక్కుకుంటోంది. ఇలా మొక్కుకున్న కస్టమరు ఆ సోఫా మీద అంతకుముందు కూర్చుని ఉండదు.

లోపలికి ఇచ్చిన బండి మళ్ళీ బయటికి వచ్చేదాకా కస్టమరు నడపకూడదు, అది అక్కడి పద్ధతి. ఇన్సూరెన్సు ఒప్పుకోదట. మొదటిసారి వచ్చినప్పుడే అడిగింది, నేను నడిపి చూపిస్తాను, మీరు పక్కన కూర్చుని వినండి అని. టై కట్టుకున్న అతను, బండ్లు తీసుకుని అప్పగించే సలహాదారు, చేతిలో పలకలాంటి ఫోనుతో ఎప్పుడూ నిలబడే ఉంటాడు, కూర్చోగా ఎవరూ చూడలేదు. అతను మర్యాదగా నవ్వాడు. "మా వాళ్ళు ఎక్స్‌పర్టులు మేడం. మీరు రిలాక్స్ అవ్వండి, కాఫీ తీసుకోండి" అన్నాడు. ఆ కాఫీ మిషను ముందు ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది అప్పుడూ, ఇప్పుడూ. అప్పుడు బండి కడిగి, తుడిచి, కాళ్ళ కింద కాగితాలు పరిచి, అత్తరు వాసన కొట్టి ఇచ్చారు. రోడ్డెక్కగానే టిక్కు. రెండోసారి వస్తే ముందు చక్రాలు ఊడదీశారు, ఏదో బిగించారు, ఏదో మార్చారు, మళ్ళీ కడిగారు. కడగడంలో లోటు చేయరు పాపం. పంటినొప్పి అని వెళ్తే తలస్నానం చేయించి పంపినట్టు. ప్రతిసారీ రేడియో ఇంకేదో స్టేషనులో ఉంటుంది, అద్దం ఆకాశం చూస్తూ ఉంటుంది, సీటు ఎక్కడో వెనక్కి పోయి ఉంటుంది. ఎవరో పరాయివాళ్ళు మన మంచం మీద పడుకుని లేచిపోయినట్టుంటుంది. అన్నీ సర్దుకుని, సీటు ముందుకి లాక్కుని, బయల్దేరితే గేటు బయట గతుకు దగ్గరే అది పలకరిస్తుంది.

"అసలు మీకు బుద్ధుందా అంట" అని పెద్ద గొంతు వినిపించి టీచరమ్మ తలెత్తింది. పక్క కుర్చీలో ఇంతసేపూ గురక పెట్టిన భారీ మనిషి, సిమెంటు వ్యాపారం చేస్తాడట, కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. "నేను ఏసీ చల్లగా రావట్లేదంటే మీరు టైర్లు మార్చాలంటారేంటి? రేపు హారను మోగట్లేదంటే కప్పు మార్చమంటారా?" టై అతను అదే నవ్వు నవ్వుతున్నాడు. "సార్, టైర్లు జస్ట్ సజెషన్ సార్." "నా సజెషను కూడా విను. ఆ మిషన్లో కాఫీ పొయ్యి ముందు." గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, టీచరమ్మ కూడా నవ్వింది, నవ్వి, ఆ భారీ మనిషిని చూసి కుళ్ళుకుంది. ఎంత హాయిగా అరుస్తున్నాడు. తన బండి తప్పో వాళ్ళ తప్పో తప్ప తన తప్పు కాదని అతనికి పుట్టుకతోనే తెలుసు. తను అలా అరవగలదా. అరిస్తే మాత్రం ఆయన, అక్క ఒకరి మొహం ఒకరు చూసుకోరూ, చూశావా కోపం కూడా ఎక్కువవుతోంది అని.

గోడ గడియారం వైపు చూడకూడదనుకుంది, చూసింది. టాక్సీ బయల్దేరి ఉంటుంది. అక్క వెనక సీట్లో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంటుంది, అమ్మని మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు కూర్చున్నట్టే. అప్పుడు అమ్మ మధ్యలో కూర్చుంది, అటు అక్క, ఇటు తను. దారిలో అమ్మ ఏమీ అడగలేదు. ఎక్కడికి అని కూడా అడగలేదు. అప్పుడు తను అమ్మకి తెలియట్లేదులే అనుకుంది. ఇప్పుడు తెలుస్తోంది, అమ్మకి అన్నీ తెలుసు. అన్నీ తెలిసినవాళ్ళే అడగరు. ఇవాళ మధ్యలో కూర్చోబోయేది తను. మతి ఎలా ఉందో చూడ్డానికి ఆ డాక్టరు గడియారం బొమ్మ గీయమంటాడు. అమ్మని గీయమన్నాడు. తను రోజూ పిల్లలకి నల్లబల్ల మీద గీసే గడియారం. పన్నెండు ఎక్కడ వేయాలో ఆ క్షణానికి తోచకపోతే? సోఫా అంచున కూర్చుని చూపుడువేలితో మోకాలి మీద గుండ్రంగా గీసుకుంది, పైన పన్నెండు, కింద ఆరు, ఇటు మూడు, అటు తొమ్మిది. ఎదుటి కుర్చీలో ఆవిడ వింతగా చూస్తోంది. వేలు ఆపేసింది.

బడి గుర్తొచ్చింది. ఇప్పుడు పిల్లలు పడుకునే వేళ. చాపల మీద వరసగా, ఒకరి కాలు ఒకరి మీద వేసుకుని. ఈ ఏడాది మొదట్లో ఒక పిల్ల చేరింది, పాలపళ్ళు ఇంకా ఊడని పిల్ల, వచ్చిన నాటి నుంచీ తన కుర్చీలో కూర్చోనంటే కూర్చోనని ఏడుపు. "గోడలో ముసలాడున్నాడు, నన్నే చూస్తున్నాడు." ఆయా కసిరింది. పిల్ల తల్లి, "ఇంట్లో కూడా ఇంతేనండీ, అన్నీ కల్పిస్తుంది" అంది. టీచరమ్మ కూడా గోడంతా తడిమి చూపించింది, చూడమ్మా, గోడే కదా, ఎవరున్నారు అని. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి ఒకరోజు పిల్లలందరూ వెళ్ళిపోయాక, ఆ చిట్టికుర్చీలో తనే కూర్చుంది. తను కాబట్టి పట్టింది, ఇంకెవరైనా అయితే కుర్చీ విరిగేది. కూర్చుని, గడ్డం బల్ల మీద ఆనించి, గోడ వైపు చూసింది. ఉన్నాడు. కిటికీ చువ్వల నీడ, గొళ్ళెం నీడ, గోడ మీద పెచ్చు ఊడిన మచ్చ, మూడూ కలిసి ఒక ముసలాడు, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి. నిలబడితే లేడు. అక్కడ కూర్చుంటేనే ఉన్నాడు. మర్నాడు ఆ మచ్చ మీద సీతాకోకచిలుక బొమ్మ అతికించింది, ఏడుపు ఆగింది. అంతే, చిన్న సంగతి. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. మనసు కుదురుగా ఉండకపోవడం కూడా ఒక లక్షణమేనట, అక్క చదివి చెప్పింది.

"మేడం." టై అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు, అదే నవ్వు. "బండి రెడీ. చప్పుడేమీ లేదు మేడం."

ఆవిడ వెంటనే లేవలేదు. "సరిగ్గా చూశారా? గతుకుల్లో?"

"వెనక యార్డు మొత్తం గతుకులే మేడం. మా సీనియర్ కూడా నడిపి చూశాడు. వెన్న మేడం, వెన్నలా ఉంది బండి." గొంతు తగ్గించి వంగాడు. "ఒక్క చిన్న రిక్వెస్టు. సాయంత్రం మా కంపెనీ నుంచి ఫోనొస్తుంది, సర్వీసు ఎలా ఉందని. పదికి పది చెప్పండి మేడం. తొమ్మిది చెప్పినా మాకు సున్నా కిందే."

పదికి పది. సున్నా. తల ఊపింది. దేనికి ఊపిందో తెలియదు. నడిచింది. గాజు తలుపు దానంతటదే తెరుచుకుంది, బయటి వేడి మొహాన కొట్టింది, మెరిసిపోతూ బండి, అత్తరు వాసన, తలుపు తెరిచి పట్టుకుని తాటిచెట్టంత మెకానిక్కు. అయిపోయింది. ఇక బండిలో ఏమీ లేదు. ఉన్నదంతా తనలోనే. ఎక్కి కూర్చుంది, ఎప్పటిలాగే కాళ్ళు గాల్లో ఉన్నాయి, పెడల్ ఎక్కడో ఉంది, ఎప్పటిలాగే విసుగ్గా చెయ్యి సీటు కిందికి పోయింది, ఇనుప పిడి దొరికింది. పట్టుకుంది. లాగలేదు.

పిడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. కాళ్ళు చిట్టికుర్చీలో కూర్చున్న పిల్ల కాళ్ళలా వేలాడుతున్నాయి. మెకానిక్కు వైపు తిరిగింది. "ఈ సీటు వెనక్కి జరిపింది మీరేనా?"

"నేనేనమ్మా. ఎక్కగానే ముందు జరిపేది అదే. లేకపోతే ఈ కాళ్ళు ఎక్కడ పెట్టుకోను?"

"మీ సీనియర్ వచ్చినప్పుడు?"

"ఆయన నాకన్నా పొడుగు."

ఇంట్లో ఆయన కూడా పొడుగే. ఆయన ఎక్కినా మొదట చేసే పని అదే. ఈ బండిని సీటు ముందుకి లాక్కుని నడిపిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. టీచరమ్మకి ఆశ పుట్టింది, ఆశ వెనకాలే భయం పుట్టింది, భయం పెద్దది. ఇది కూడా కాకపోతే ఇక పట్టుకోవడానికి గడ్డిపరక లేదు. అయినా పిడి లాగింది. సీటు మొత్తం ముందుకొచ్చింది. దిగి పక్కకి నిలబడింది. "ఇప్పుడు ఎక్కి నడపండి. సీటు మాత్రం జరపకూడదు."

మెకానిక్కు టై అతని వైపు చూశాడు. టై అతను, "మేడం, అలా అతనికి పట్టదు, సేఫ్టీ ప్రాబ్లం..." అన్నాడు.

"యార్డులోనే కదా బాబూ. నడిచినంత మెల్లగా వెళ్దాం. మీరూ రండి, వెనక కూర్చోండి." అరవలేదు ఆవిడ. నలభైమంది పసివాళ్ళని ఒక్క మాటతో చాపల మీద పడుకోబెట్టే గొంతు అది. టై అతను అందరికన్నా ముందు ఎక్కి కూర్చున్నాడు.

మెకానిక్కు ఎక్కడం చూడాలి నువ్వు. ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత మిగతా మనిషి. మోకాళ్ళు స్టీరింగుకి అటూ ఇటూ గడ్డం దాకా వచ్చాయి, మడత మంచాన్ని పెట్టెలో పెట్టినట్టున్నాడు. టీచరమ్మ పక్క సీట్లో కూర్చుని రెండు చేతులూ బిగించింది. బండి కదిలింది. యార్డులో మొదటి గతుకు. ఏమీ లేదు. రెండో గతుకు, ఏమీ లేదు. గేటు బయట టాక్సీ ఆగడం అద్దంలోంచి కనబడింది, అక్క దిగుతోంది, చేతిసంచి ముందు, తర్వాత అక్క. వెనక నుంచి టై అతను, "చూశారా మేడం, నేను చెప్తూనే ఉన్నాను, మా దగ్గర ప్రతి బండికీ..." అంటున్నాడు. బండి కుడివైపుకి తిరిగింది.

టిక్కు.

మెకానిక్కు కాలు పెడల్ మీద నుంచి లేచింది. బండిని మెల్లగా మళ్ళీ కదిలించాడు. టిక్కు, టిక్కు.

"నాకేం వినపడలేదే" అన్నాడు టై అతను.

"మీరు కాసేపు మాట్లాడకండి సార్" అన్నాడు మెకానిక్కు. ఇంకో చుట్టు తిప్పాడు. గతుకు వెతుక్కుని మరీ ఎక్కించాడు. చెవి వంచి విన్నాడు. తర్వాత టీచరమ్మ వైపు చూసి తల ఊపాడు. "ఉందమ్మా."

ఆ ఒక్క మాటకి ఆవిడ కళ్ళు నిండాయి. ఏడవలేదు, కానీ నిండాయి, మెకానిక్కు చూసి పాపం కంగారుపడి గబగబా దిగబోయి మోకాలు కొట్టుకున్నాడు. దీపం పట్టుకుని సీటు కిందికి దూరాడు. లోపల వైర్ల ముడిని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయిందట. సీటు వెనక్కుంటే ఆ ముడి మెత్తగా కింద తివాచీ మీద పడుకుంటుంది. ముందుకి లాగితే గాల్లో వేలాడి ఇనుప పట్టీకి కొట్టుకుంటుంది. అంతే. గోరంత క్లిప్పు. టై అతను పలకలో ఏదో కొట్టి, "పార్టు స్టాకులో లేదు మేడం, తెప్పిస్తాం" అన్నాడు, నవ్వు కొంచెం వాడింది. మెకానిక్కు మాత్రం, "టేపు చుట్టి కట్టేస్తానమ్మా, చప్పుడు ఆగిపోతుంది, ఇప్పుడే" అన్నాడు.

"వద్దు" అంది టీచరమ్మ. "ఇవాళ్టికి అలాగే ఉండనీ."

మెకానిక్కుకి అర్థం కాలేదు. అర్థం కావలసినవాళ్ళు గేటు లోపలికి నడిచి వస్తున్నారు. ఆయన మొహం మెత్తగా పెట్టుకుని వచ్చాడు, అక్క మొహంలో ఏమీ పెట్టుకోకుండా వచ్చింది. "ఏమన్నారు?" అన్నాడాయన. టీచరమ్మ అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది, కాళ్ళు అందుతున్నాయి. ఆయన అలవాటు కొద్దీ ఇటువైపు తలుపు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు, దిగుతుందని. ఆవిడ దిగలేదు.

"అటు ఎక్కండి."

ఏం గొంతు విన్నాడో ఆయన, చుట్టూ తిరిగి వెళ్ళి ఎక్కాడు. అక్క వెనక కూర్చుంది. గేటు దాటేటప్పుడు ఆయన నోరు తెరిచాడు, "సైకిలు..." అనబోయాడు. "ఒక్క నిమిషం మాట్లాడకండి" అంది ఆవిడ. కుడివైపు తిరిగింది. గతుకు.

టిక్కు. టిక్కు.

ఆయన ముందు డ్యాష్‌బోర్డు వైపు చూశాడు. తర్వాత తన కాళ్ళ దగ్గర చూసుకున్నాడు. తర్వాత ఆవిడ వైపు చూశాడు. ఇంకో గతుకు దాకా ఆగి, అక్కడా విని, అప్పుడు అడిగాడు. "ఎప్పటి నుంచీ ఉంది ఇది?"

"నేను మీకు చెబుతున్నప్పటి నుంచీ."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు, డాక్టరుగారిచ్చిన టైము చూశాడు, మళ్ళీ పెట్టేశాడు. రోడ్డు పొడుగూతా అది మాట్లాడుతూనే ఉంది, ఇవాళ దాని నోటికి అడ్డు లేదు. ఆవిడ అద్దంలో అక్కని చూసింది. అక్క నిటారుగా కూర్చోలేదు. ముందుకి వంగి, రెండు సీట్ల మధ్య తల పెట్టి, కళ్ళు మూసుకుని వింటోంది. చాలాసేపు విన్నాక, కళ్ళు తెరవకుండానే అంది.

"మనందరం గోడ దగ్గర నిలబడే విన్నాం కదే. అమ్మ తలగడ మీద తల పెట్టి ఒక్కరమూ వినలేదు."

అమ్మకి జబ్బు ఉన్నమాట నిజం. గోడలో నీళ్ళు ఉన్నాయో లేవో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు, ఆ ఇంట్లో ఎవరో ఉంటున్నారు, ఆ గోడకి ఏ రంగు వేశారో కూడా తెలియదు. టీచరమ్మ ఎడంచెయ్యి వెనక్కి చాపింది, అక్క పట్టుకుంది. ఒంటిచేత్తో నడపకూడదని ఆయన అనలేదు. క్లినిక్కు బోర్డు పక్కన వచ్చింది, వెళ్ళిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు.

ఇంతే తల్లీ. విన్నావుగా, ఇక దీన్ని నీ దగ్గరే అట్టే పెట్టుకోకు, నీకు నచ్చినవాళ్ళకి ఒకరికి చెప్పు, నచ్చనివాళ్ళకి ఇద్దరికి చెప్పు. చెప్పేటప్పుడు టై అతన్ని ఎంత పెద్ద చేసినా, మెకానిక్కు కాళ్ళు ఎంత పొడుగు చేసినా నాకేం అభ్యంతరం లేదు. ఆ చప్పుడుని మాత్రం పెద్దది చెయ్యకు. అది ఎంత ఉందో అంతే చెప్పు.